ఎముక నుండి ఊపిరితిత్తికి



జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్న మా అన్నగారి మనుమరాలు ఈ మధ్య నాకొక పరీక్ష పెట్టింది. 'ఎక్స్‌ట్రాసెల్యులార్ వెసికిల్స్' అన్న మాటకు తెలుగు కావాలట. 'కణబాహ్యపుటికలు' అని తక్షణమే ఒక సమాసం అల్లి ఇచ్చాను. "తాతయ్యా, ఇంగ్లీషే నయం" అన్నది. ఎంతైనా భాషాప్రవీణుణ్ణి, కాస్త అలిగి నిఘంటువులు ముందేసుకొని కూర్చున్నాను. మూలమైన లాటిను మాటకు అర్థం తిత్తి! కొలిమితిత్తి, డబ్బుతిత్తి, ఊపిరితిత్తి: అన్నీ మన ఇంటి మాటలే. కావున ఇకపై ఇవి నాకు కణతిత్తులు. ఇంతకన్న మంచి మాట తోచినవారు తెలుపగలరు.

మన శరీరంలోని కణాలు దాదాపు అన్నీ చిన్న చిన్న పొరసంచులను కట్టి బయటికి వదులుతూ ఉంటాయి. వీటిలో ఎక్సోసోములనే చిన్నరకం 30 నుండి 150 నానోమీటర్లు. తలవెంట్రుక మందంలో సుమారు వెయ్యోవంతు అనుకోండి. 1967లో పీటర్ వోల్ఫ్ ప్లేట్‌లెట్ల నుండి రాలిన ఇటువంటివాటిని చూచి ధూళి అన్నాడు. 1983లో కెనడాలో రోజ్ జాన్‌స్టన్ బృందమూ, అమెరికాలో ఫిలిప్ స్టాల్ బృందమూ, పక్వానికి వస్తున్న ఎర్రకణాలు తమకిక అక్కరలేని ఒక ప్రోటీనును ఇట్లే మూటగట్టి పారవేయడం గమనించాయి. చాలాకాలం ఇది ఊడ్చిపోసే చెత్త అనే ఎక్కువమంది భావించారు. 2007లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ పరిశోధకులు ఈ తిత్తులలో ఆర్.ఎన్.ఏ. ఉన్నదనీ, అందుకొన్న కణంలో అది పనికూడా చేయగలదనీ చూపారు. చెత్త అనుకొన్నది ఉత్తరమని తేలింది.

తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకంటారా? 1994లో నా తొమ్మిదవ తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు వ్రాయను. వాడు పద్యం ఎత్తుకుంటే తరగతి సద్దుమణిగేది. మోకాలి పైన నొప్పి అంటే కబడ్డీ దెబ్బ అనుకున్నారు ఇంట్లో. అది ఆస్టియోసార్కోమా. ఎదిగే పిల్లలలో, ఎముక చురుకుగా పెరిగే మోకాలి దగ్గరే ఎక్కువగా కనిపించే క్యాన్సరు. తొడ వరకు కాలు తీశారు. ఏడాది తిరగకముందే ఊపిరితిత్తులలో తేలింది. పోయాడు. వాళ్ళ నాన్నగారు రైతు. పదవ రోజున నన్ను పక్కకు పిలిచి, "కాలు తీసేశాక గూడా పైకెట్టా పాకింది మాస్టారూ? మరి వాడి కాలెందుకు తీయించాను నేను?" అని అడిగారు. నేను చదివిన ఛందస్సులోనూ, అలంకారశాస్త్రంలోనూ దానికి సమాధానం లేదు.

సగం సమాధానం వైద్యులకు అప్పటికే తెలుసు. కాలు తీసేనాటికే, ఎక్స్‌రేకు అందని కణాలు చాలామందిలో నెత్తుటితోపాటు ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి. అందుకే ఒక్క శస్త్రచికిత్సతో బతికి బట్టకట్టినవారు నూటికి సుమారు ఇరవైమందే. 1970ల తరువాత మందులు తోడై, రోగం ఇంకా పాకినట్లు కనబడనివారిలో ఆ లెక్క అరవై, డెబ్బైకి చేరింది. (ఆ మందులలో ముఖ్యమైన మెథోట్రెక్సేటు, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపిన లెడర్లీ పరిశోధనశాలలో తయారైనదే. మన పాఠ్యపుస్తకాలలో ఆయనకు ఇంకా చోటు దక్కవలసి ఉన్నదని నా అభిప్రాయం.)

తక్కిన సగం ఈ తిత్తులలో ఉన్నది. క్యాన్సరు విత్తువంటిదనీ, తగిన నేల దొరికినచోటే మొలుస్తుందనీ 1889లో స్టీఫెన్ పాజెట్ అనే ఆంగ్లేయ వైద్యుడు చెప్పాడు. మరి ఆ నేలను సాగుచేసేదెవరు? క్యాన్సరు కణం వదిలిన తిత్తుల పైపొర మీద ఇంటిగ్రిన్లనే ప్రోటీనులు ఉంటాయనీ, వాటి రకాన్నిబట్టి అవి ఊపిరితిత్తికో కాలేయానికో చేరి, విత్తు రాకముందే దుక్కి చేసిపెడతాయనీ 2015లో అమెరికాలో డేవిడ్ లైడెన్ బృందం ఎలుకలలో చూపింది. చిరునామా కవరు మీదనే ఉన్నదన్నమాట! ఆస్టియోసార్కోమా సంగతి 2017లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు చూశారు. ఆ కణితి వదిలే తిత్తులు టి.జి.ఎఫ్. బీటా అనే సంకేతాన్ని మోసుకుపోయి మూలకణాలకు అందిస్తాయి. శరీరానికి మరమ్మతు చేయవలసిన ఆ కణాలు శత్రువు పక్షం చేరి ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాన్ని స్రవిస్తాయి. ఎలుకలలో కణితి త్వరగా పెరిగింది, ఊపిరితిత్తులకూ ఎక్కువగా పాకింది.

మొన్న ఏరువాక రోజులలో ఊరు వెళ్ళినప్పుడు ఆయనను కలిశాను. డెబ్బై అయిదేళ్ళు దాటాయి. విత్తు, దుక్కి అనేసరికి వేరే వివరణ అక్కరలేకపోయింది. "కాలు ఉంచితే ఆ కణితి ఇంకా విత్తులు చల్లుతూనే ఉండేదండీ. మీరు చేయించింది సరైన పనే" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ దుక్కి చెడగొట్టే మందేమన్నా వచ్చిందా మాస్టారూ?" అన్నారు.

కీళ్ళవాతానికి వాడే టోసిలిజుమాబ్‌తో ఇంటర్‌ల్యూకిన్-6 దారి మూస్తే, తిత్తులవల్ల వచ్చిన ఆ ఉపద్రవం ఎలుకలలో ఆగిందని చెప్పాను. ఎముక క్యాన్సరు వచ్చిన పిల్లలకు అది ఇంకా స్థిరపడిన చికిత్స కాలేదని కూడా దాచకుండా చెప్పాను.