బొగ్గుబాయి నేర్పిన గిటారు

రాక్ గిటారు అనగానే ఏ లండనో, అమెరికానో గుర్తొస్తుంది. గని సైరన్లూ, డప్పు దరువులూ, ఒగ్గుడోలు చప్పుళ్ల మధ్య పెరిగిన కుర్రాడి చేతికి అదే గిటారు ఇస్తే ఎలా మోగుతుంది? అది వినాలనే గోదావరిఖని వెళ్లాను.

సికింద్రాబాద్‌లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రామగుండంలో దిగితే, ముందుగా కనిపించేవి ఎన్టీపీసీ పొగగొట్టాలు. 2,600 మెగావాట్ల కేంద్రం అది. అక్కణ్నుంచి ఆటోలో గోదావరిఖని. 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ తెలిశాక, 1920లో సింగరేణి కాలరీస్ పేరు స్థిరపడింది. అయితే ఈ ఊరు ఊరుగా మారింది మాత్రం 1960ల్లో ఇక్కడ గనులు మొదలయ్యాకే. చుట్టుపక్కల పల్లెల నుంచీ, దూరపు జిల్లాల నుంచీ జనం బాయిపనికి వచ్చారు. అవును, ఇక్కడ గనిని ‘బాయి’ అనే అంటారు.

వచ్చినవాళ్లు తట్టాబుట్టాతో పాటు పాటలూ తెచ్చుకున్నారు. మల్లన్న కథ చెప్పే ఒగ్గువాళ్ల డోలు, డప్పు, బతుకమ్మ పాటలు, భజనలు, ఆదివారం చర్చి పాటలు, యూనియన్ సభల్లో గొంగడి భుజాన వేసుకుని పాడే కళాకారుల పాటలు... అన్నీ పక్కపక్క క్వార్టర్లలోనే. ఒకింట్లోది ఇంకో ఇంటికి వినబడకుండా దాచే గోడలు కావవి.

మా అక్క ఇంట్లో...

మా అక్కావాళ్లది ఆ ఊరే. బావ భూగర్భ గనిలో టింబర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మేనల్లుడు గిటారు వాయిస్తాడు. వినాయక చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రాతో మొదలుపెట్టి, రాక్ మీద మనసు పారేసుకున్నాడు. ఈమధ్య హైదరాబాద్‌లో ఒక బ్యాండులో చేరదామని వెళ్లాడు. అక్కడ ఒకాయన విని, ‘‘చేయి బాగుంది కానీ, వాయిద్యంలో డప్పు వినబడుతోంది. ముందది వదిలించుకో’’ అన్నాడట. పిల్లాడు తిరిగొచ్చి గిటారును సంచిలోంచి తీయలేదు. నెల రోజులుగా అంతే. అక్క ఫోన్ చేసిందీ అందుకే... ‘‘నువ్వన్నా వచ్చి మాట్లాడురా’’ అని.

‘‘మామా, అందరు ఏ గిటారిస్టును ఇన్నవని అడుగుతరు. నేను పండేటప్పుడు, లేచేటప్పుడు ఏం ఇన్ననో ఎవ్వరడుగరు’’ అన్నాడు వాడు. నిజమే కదా! షిఫ్టు మారేటప్పటి సైరన్, రాత్రంతా సాగే బొగ్గు రైలు, మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్. ఆ అదురుకు మంచం పక్కన ఆనించిన గిటారు తీగెలు ఎవరూ ముట్టకుండానే జుమ్మంటాయట. చిన్నప్పుడు అది చూసి భయపడేవాడు.

వేళ్లు తెగినా...

వాడికి నేను రెండు కథలు చెప్పాను. ఒకటి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌ది. టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మిషన్ కిందపడి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఇక గిటారు లేదనుకుంటుంటే ఫ్యాక్టరీ మేనేజరు ఒక రికార్డు వినిపించాడు. వాయించింది జాంగో రైన్‌హార్ట్. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేయి కాలిపోయి, ప్రధానంగా రెండు వేళ్లతోనే లోకాన్ని మెప్పించినవాడు. అది విని అయోమీ, ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్నని తీగెలు వేశాడు. తర్వాత్తర్వాత తీగెల బిగువు తగ్గించి, శ్రుతి కిందికి దించాడు. ఆ బరువైన మోతే ‘బ్లాక్ సబాత్’కు గుర్తింపు, హెవీ మెటల్‌కు పునాది అయ్యాయి.

రెండోది అచ్చంగా బొగ్గు కథ. అమెరికాలోని కెంటకీ గనుల ప్రాంతంలో మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీ లాంటి కార్మికులు బొటనవేలితో తాళం, చూపుడువేలితో పాట వాయించేవారు. గని కార్మికుడి కొడుకు మెర్ల్ ట్రావిస్ దాన్ని నేర్చుకుని రేడియోకెక్కించాడు. అతణ్ని విని చెట్ అట్కిన్స్, అట్కిన్స్‌ను విని బీటిల్స్ జార్జ్ హారిసన్ నేర్చుకున్నారు. ఆ పద్ధతిని ఇవాళ్టికీ ‘ట్రావిస్ పికింగ్’ అనే అంటారు.

అంతదూరం ఎందుకు? ‘ఆడపిల్లనమ్మా’ అంటూ చిన్నతనంలోనే ఊరూరా వినిపించిన మధుప్రియది గోదావరిఖనే. ఆమె 2017లో ‘ఫిదా’కు పాడింది. 2025 సంక్రాంతికి వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’లో భీమ్స్ సంగీతంలో ‘గోదారి గట్టు’ పాడింది. పక్కన గొంతు కలిపింది ఎవరు? ‘తమ్ముడు’, ‘బద్రి’ సినిమాలతో తెలుగు పాటకు రాక్ రుచి చూపించిన రమణ గోగుల! గోదావరిఖని జానపద గొంతూ, గిటారు పట్టిన పాప్ గొంతూ ఒకే పాటలో ఇమిడిపోయాయి. ఆమెను యాస వదిలించుకోమని ఎవరైనా అని, ఆమె విని ఉంటే మనకేం మిగిలేది?

బోలుగా మోగితే...

మా మాటలు వింటూ అరుగు మీద కూచున్న బావ అప్పుడు నోరు విప్పాడు.

‘‘బాయిల దిగినంక కండ్ల కంటె చెవులే ఎక్కువ పనిజేస్తయి బామ్మర్దీ. కట్టెతోని పైకప్పును కొట్టి సూస్తం. ఖంగుమన్నదా, గట్టిగున్నట్టు. బోలుగ మోగిందా, ఎనకకు జరగాలె. కింద నిలబెట్టిన కట్టె గూడ ఇరిగే ముందట కిర్రుమని చెప్తది. గట్ల ఇనుకుంటనే ముప్పై ఏండ్లు ఇంటికొచ్చిన.’’

అప్పటిదాకా పలకని మేనల్లుడు తలెత్తాడు. ‘‘నాకెన్నడు చెప్పలె గదా నాయినా?’’ అన్నాడు. ‘‘నువ్వెన్నడు అడగలె గదా!’’ అన్నాడు బావ.

తర్వాత లేచి లోపలికెళ్లి సంచి విప్పి, గిటారు తీసుకొచ్చాడు. వీపు మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు, గని పైకప్పును తట్టినట్టే. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

‘‘గిది బోలుగనే ఉన్నది. దీనికి గట్లనే ఉండాలె. బాయిల బోలు మోగితే పానం పోతది, దీంట్ల బోలు లేకపోతే పానమే ఉండదు’’ అని కొడుకు ఒళ్లో పెట్టాడు.

వాడు చాలాసేపు శ్రుతి చేసుకున్నాడు. తర్వాత అరచేత్తో తీగెల్ని నొక్కిపట్టి దరువు ఎత్తుకున్నాడు. వచ్చింది డప్పే! దాని మీద రాక్ గిటారు వరుస. మధ్యమధ్య ఆగి, ఒక క్షణం ఏదో వింటున్నట్టు నిశ్శబ్దం. ఆ ఆగడం ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పుడు నాకు తెలుసు.

హైదరాబాద్ వాళ్ల సంగతేమిటని అడిగాను. ‘‘మళ్ల పోత మామా. గిట్లనే వాయిస్త. తీసుకుంటే తీసుకోని, లేకపోతే లేదు’’ అన్నాడు.

మర్నాడు తెల్లారుజామున గోదావరి వంతెన మీదికి నడిచాం. అవతలి గట్టు మంచిర్యాల జిల్లా. భూగర్భ గనులు తగ్గిపోతూ, ఓపెన్‌కాస్టులు పెరిగిన కాలమిది. కట్టెతో పైకప్పును తట్టి వినే చెవులు ఈ ఊళ్లో ఇంకెన్నాళ్లుంటాయో! ఇంతలో మొదటి షిఫ్టు సైరన్ మోగింది. నేను గడియారం చూసుకున్నాను. వాడు మాత్రం కళ్లు మూసుకుని, సైరన్‌తో పాటు చిన్నగా శ్రుతి కలిపాడు.