పుదుప్పేటలో పాఠ పరిష్కరణ

నెల్లూరు వాళ్లు మద్రాసుకు పోవడానికి కారణాలు మూడంటే మూడు: పెళ్లి పట్టుచీరలు, పెద్ద డాక్టరు, విమానం. 1996లో ఊరి పేరు చెన్నై అయినా మా నోట అది ఇంకా మద్రాసే. ఆ మూడు పనుల్లో ఏ ఒక్కటీ లేకుండా నేను మొన్న వేసవిలో పినాకిని ఎక్స్‌ప్రెస్సు ఎక్కాను. చేతిసంచిలో పాత పంచెలో చుట్టిన ఇనుప సామాను ఒకటి, అల్యూమినియం సామాను ఒకటి ఉన్నాయి. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి వీటితో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. మా ఇంటావిడ కూడా సరిగ్గా అదే అడిగింది.

అవి మా మేనమామ గారి రాజ్‌దూత్ 350 మోటారు సైకిలు ఎంజినులోని భాగాలు.

ఈ బండి కులగోత్రాలు కొంచెం చెప్పాలి. జపానులో యమహా కంపెనీ 1973లో ఆర్.డి. 350 అనే పందెపు జాతి మోటారు సైకిలును బజారులోకి తెచ్చింది. దాన్నే లైసెన్సు మీద తీసుకొని, మన దేశంలో ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి రాజ్‌దూత్ 350 అనే పేరుతో తయారుచేసింది. 347 సి.సి. టూ స్ట్రోక్ ఎంజిను, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. జపాను బండికి ముందు చక్రానికి డిస్కు బ్రేకు. మనదానికి డ్రమ్ము బ్రేకే. శక్తి కూడా తగ్గించారు. మొదటి రకానికి 30.5 హార్స్‌పవర్, తర్వాతి రకానికి 27. అయినా ఆ రోజుల్లో మన రోడ్ల మీద దానితో పోటీకి నిలిచే బండి అరుదు. దాని దాహం మాత్రం ఇంతా అంతా కాదు. 1985 ప్రాంతంలో 100 సి.సి. జపాను బళ్లు వచ్చి, చెంబెడు పెట్రోలుతో ఊళ్లు దాటించేసరికి సంసారులు అటు మొగ్గారు. ఆ దశాబ్దం ముగిసేసరికి దీని తయారీ ఆగిపోయింది.

మామ దీన్ని 1986లో కొన్నాడు. నన్ను ముందు టాంకు మీద కూర్చోబెట్టుకొని బుచ్చిరెడ్డిపాళెం రోడ్డులో తిప్పినప్పుడు నాకు ఐదారేళ్లు. 2003 ప్రాంతంలో ఒకరోజు చైను తెగి ఎంజినుకు కొట్టింది. అప్పటినుంచి బండి గొడ్లచావిడిలో చొప్పకట్టల వెనక నిలబడిపోయింది. ఇప్పుడు ఆయనకు డెబ్బై దాటాయి, మోకాళ్లు సహకరించవు. హైదరాబాదు నుంచి ఒకరు వచ్చి మంచి ధర పలికారు. కొడుకులు అమ్మేద్దామన్నారు. మామ ఒకే మాట అన్నాడు: “నడిచే బండిని అమ్మమంటే అమ్ముతా. పీనుగును అమ్మను.” తర్వాత నా వైపు తిరిగి, “అబ్బయా, నువ్వు నడిపించగలవా?” అని అడిగాడు.

అలా పని నా నెత్తిన పడింది. నెల్లూరు మెకానిక్కు ఎంజినును విప్పి జబ్బు చెప్పాడు. టూ స్ట్రోక్ ఎంజినులో పెట్రోలు గాలితో కలిసి ముందు పిస్టను క్రింద ఉన్న క్రాంకు గదిలోకి వస్తుంది. అక్కడినుంచి పైకి ఎక్కుతుంది. అందుచేత ఆ గదికి ఎక్కడా చిల్లు ఉండకూడదు. రెండు చివరలా రబ్బరు సీళ్లు కాపలా కాస్తాయి. బండి ఏళ్ల తరబడి నిలబడిపోతే అవి ఎండి బిగుసుకుపోతాయి. కుడి సీలు పోతే ఎంజిను గేరు నూనెను తాగి తెల్లని పొగ కక్కుతుంది. ఎడమ సీలు పోతే ఊరకే గాలి పీల్చి, వేడెక్కి, పిస్టను సిలిండరుకు పట్టేస్తుంది. మా బండికి రెండూ పోయాయి. క్రాంకు బేరింగులు తుప్పు పట్టాయి. అన్నిటికీ మించి, ఎంజిను పై పెంకు చైను దెబ్బకు చీలింది. “మద్రాసులో పుదుప్పేటకు పోండి సార్. అక్కడ కుదరకపోతే ఇక వదిలేయండి” అన్నాడు మెకానిక్కు.

పుదుప్పేట ఎగ్మూరుకు ఆనుకొని, కూవం ఒడ్డున ఉంది. బళ్లకు అది స్మశానమూ, పురిటిల్లూ కూడా. ఒక సందు నిండా కారు తలుపులే, వేరుశనగ బస్తాల్లా నిలబెట్టి ఉంటాయి. ఇంకో సందులో దీపాలు, మరొక సందులో ఎంజిన్లు. నూనె పీల్చి నేల నల్లగా మెరుస్తుంది. కుర్రవాళ్లు అరుగుల మీద కూర్చొని, మన ఆడవాళ్లు చిక్కుడుకాయలు ఒలిచినంత సులువుగా గేరుబాక్సులు ఒలుస్తుంటారు. ఏ సామాను అడిగినా “లేదు” అనరు. “ఏ సంవత్సరం?” అంటారు.

అక్కడ ఒక పెద్దాయన కొట్టు చూపించారు. ఆయన మాతృభాష తమిళం. నెల్లూరు బేరాల పుణ్యమా అని తెలుగు అబ్బింది. క్రాంకును చేతిలో తిప్పి చూసి ప్రెస్సు కింద పెట్టాడు. ఈ క్రాంకు ఒకే ముక్క కాదు. గుండ్రటి ఇనుప పళ్లేలనూ పిన్నులనూ బిగువుగా దించి ఒకటి చేసినది. ఆయన వాటిని విడదీసి, కొత్త కనెక్టింగు రాడ్లు, బేరింగులు వేసి మళ్లీ దించాడు. తర్వాత రెండు మొనల మధ్య నిలబెట్టి, డయలు గేజి ముల్లు చూస్తూ, రాగి సుత్తితో ఇక్కడొక దెబ్బ, అక్కడొక దెబ్బ వేశాడు. మిల్లీమీటరులో వందో వంతుల వంకర తీయడానికి సుత్తి వాడడం నేను మొదటిసారి చూశాను. పూట పట్టింది. ముల్లు కదలడం దాదాపు మానింది.

చిక్కు పెంకు దగ్గర వచ్చింది. పక్క కొట్టు కుర్రవాడు మచ్చలేని పెంకు ఒకటి తెచ్చి, “ఇది వేసుకోండి సార్, వెల్డింగు ఖర్చులో సగం” అన్నాడు. కాని ఎంజిను నంబరు చెక్కి ఉండేది ఆ పై పెంకు మీదే. కుర్రవాడు తెచ్చినదాని మీద వేరే నంబరు ఉంది. “నంబరుదేముంది సార్, గీకేసి మీది కొట్టిస్తాను” అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు చూసి నాకు మా వృత్తి గుర్తొచ్చింది. తాళపత్రంలో చెదలు తిన్న చోట పండితుడు రెండు పనులు చేయవచ్చు. మరో ప్రతి చూసి పోయిన అక్షరాన్ని నిలపవచ్చు. లేదా సొంతంగా పద్యం అల్లి కవిగారి పేరిట అతికించవచ్చు. మొదటిది పరిష్కరణ, రెండోది ప్రక్షిప్తం. పందొమ్మిదో శతాబ్దంలో బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి తెలుగు కావ్యాల ప్రతులను పక్కపక్కన పెట్టి సరిచూపించింది ఆ మొదటి పనికే. కొత్త సీలు, కొత్త బేరింగు వేయడం తప్పు కాదు. అరిగిపోవడానికే పుట్టిన అక్షరాలు అవి. వేరే బండి ఒంటికి మామ బండి పేరు చెక్కడం మాత్రం ఎంజినులో ప్రక్షిప్తం. పైగా నేరం.

“ఇది అతుకుతుందా?” అని పెద్దాయనను అడిగాను. ఆయన చీలికను గోటితో తడిమి, “అతుకుతుంది సార్. మచ్చ పోదు” అన్నాడు. మచ్చ ఉండనీయమన్నాను. ఆర్గాన్ వెల్డింగు చేసి, ముఖం చదును చేసి ఇవ్వడానికి మూడు రోజులు పట్టింది. రెండు రాత్రులు పెరంబూరు బంధువుల ఇంట పడుకున్నాను. తీరిక వేళల్లో మౌంటు రోడ్డు దగ్గరి జనరల్ పాటర్స్ రోడ్డులో పిస్టన్లు, సీళ్లు కొన్నాను.

తిరుగు ప్రయాణం మాధవరం నుంచి బస్సులో. రెడ్‌హిల్స్ దాటాక షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల బాట అక్కడ ఉంది. 1953లో ఏర్పడ్డ మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు వారు ఏళ్ల తరబడి దాని మీద పందేలు నడిపారు. 1990 ప్రాంతంలో శ్రీపెరంబుదూరు దగ్గర కొత్త ట్రాకు వచ్చాక ఆ సందడి అటు తరలిపోయింది. మామ ఈ బండి మీదే నెల్లూరు నుంచి వచ్చి ఆ పందేలు చూసేవాడు. నేను కిటికీలోంచి తొంగి చూశాను. లారీలు తప్ప ఏమీ కనిపించలేదు.

సిలిండర్లు రీబోరు చేయించి, అన్నీ బిగించేసరికి నాలుగు నెలలు గడిచాయి. టాంకు మీది సొట్ట అలాగే ఉంచాం. రిజిస్ట్రేషను పొడిగింపుకు వెళ్తే, పుస్తకంలోని అంకెనూ పెంకు మీది అంకెనూ సరిచూసి ముద్ర వేశారు. 2021 నాటి నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటితేనే వింటేజి బండి. కాబట్టి చట్టం దృష్టిలో ఇది ఇంకా పడుచుదే!

బండి స్టార్టయిన నాడు మామ అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. మూడో కిక్కుకు ఎంజిను అందుకొంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మామ కళ్లు మూసుకొని రెండు నిమిషాలు విన్నాడు. “ఎడమది వెనకబడింది” అన్నాడు. ఈ బండికి రెండు కార్బురేటర్లు. రెండూ ఒక్కసారే తెరుచుకోవాలి. విప్పి చూస్తే ఎడమవైపు కేబులు వెంట్రుకవాసి వదులుగా ఉంది.

పెద్దకొడుకు మెల్లగా, “హైదరాబాదు ఆయనను ఎప్పుడు రమ్మందాం నాయనా?” అన్నాడు.

“తొందరేముంది? కొత్త పిస్టన్లు సర్దుకోవద్దూ! ఐదు వందల కిలోమీటర్లు తిరగనీ” అన్నాడు మామ. అప్పటినుంచి ప్రతి ఆదివారం నేను వెళ్లి బండి తిప్పుతున్నాను. ఆయన మీటరు చూసి గోడ క్యాలెండరు మీద అంకె వేసుకుంటాడు. ఎంజిను వేడెక్కకూడదని, వారానికి పదిహేను కిలోమీటర్లు మించి తిప్పనివ్వడు.