ఎండల ఊళ్లో తోలు జాకెట్

మే ఎండకు తారు మెత్తబడే కొత్తగూడెంలో తోలు జాకెట్ కుట్టించుకుంటానంటే నవ్వని వాళ్లుండరు. డిసెంబర్ 23న సింగరేణి ఆవిర్భావ దినోత్సవం వచ్చేనాటికి ఫస్ట్ షిఫ్టుకు బండి మీద పోయేవాడికి మాత్రం చలి సంగతి తెలుసు. తేలికని గొర్రెతోలే ఖాయం చేశాను. తర్జనభర్జనంతా లైనింగ్ దగ్గరే. శాటిన్ మెరుస్తుంది, కానీ చెమట పీల్చదు. అందుకే ఒంటికి నూలు, చేతులకు శాటిన్: చొక్కా చెయ్యి పైకి ఎగబాకకుండా సాఫీగా జారుతుంది. దూది పెట్టిన లైనింగా? ఇదేమన్నా కాశ్మీరా!

భుజం కుట్టు ఎముక అంచున ఆగాలి. హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాచినప్పుడు మణికట్టు బయటపడితే పొడవు చాలనట్టే. తోలుకు పడిన సూది రంధ్రం పూడదు. విప్పి కుడితే మచ్చలు మిగులుతాయి. ముందు పాత గుడ్డతో నమూనా కుట్టి చూపించమని టైలర్‌ను అడగండి.