వేషము నుండి వ్రాతకు

మా యింటి అటకమీద తాతగారి కాలము నాటి నాటకపు పుస్తకము ఒకటి ఉన్నది. అది అచ్చుపుస్తకము కాదు, చేతివ్రాత. సిరా వెలిసి గోధుమవన్నెకు వచ్చినది. దానిని తెరచిన క్రొత్తవారు కన్నడ గ్రంథమనుకొందురు. బిగ్గరగా చదివినచో తెలుగు వినబడును. భాష తెలుగు, లిపి కన్నడము. గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఇందులో వింత యేమియు లేదు. ఒడిలో నేర్చినది తెలుగు మాట, బడిలో నేర్చినది కన్నడాక్షరము. కైవారము తాతయ్యగారి తెలుగు కీర్తనలను కన్నడాక్షరములలో చూచి పాడువారు మన యిండ్లలో నేటికిని కలరు. రెండు లిపులును అక్కచెల్లెండ్ర వంటివి కనుక ఆ పుస్తకములో తెలుగు ధ్వని చెడలేదు.

ఆ నాటకము తిన్నని కథ. కాళహస్తి లింగమునకు కన్నులిచ్చి కన్నప్పయైన బోయవాని కథ. ధూర్జటి మహాకవి కావ్యముగా వ్రాసిన ఆ కథను మా యూర శివరాత్రి జాగరమునాడు ఆడుచుండెడివారు. మా తాతగారు తిన్నని వేషము వేసిరి. మా తండ్రిగారును వేసిరి. 1974లో ఆ వేషము నాకు వచ్చినది.

ఒక కన్ను పెరికి లింగమునకు పెట్టువరకు ఆట బాగుగనే నడచినది. రెండవ కంట నెత్తురు కారునపుడు తిన్నడు ఒక సీసపద్యము పాడవలెను. హార్మోనియము శ్రుతి పట్టినది; నాకు పద్యము తప్పినది. తెరచాటు నుండి మేష్ట్రుగారు మొదటి మాట అందించిరి, అదియు చెవికెక్కలేదు. కాలు లింగమునకు ఆనించి, బాణము చేత బట్టి, ఏమనవలెనో తెలియక మా యింటి భాషలో పలికితిని: "సామీ, కాలు పెడతాండానని కోపం చేసుకోవద్దు. ఈ కన్ను గూడా పోతే నీ కన్ను యాడుండాదో నాకెట్ల తెలుస్తుంది?"

జనము నిశ్శబ్దమైనది. కొంతసేపటికి స్త్రీలు కూర్చున్న వైపున ఎవరో వెక్కి యేడ్చుట వినవచ్చెను. ఆ సీసపద్యమునకు చప్పట్లు కొట్టుట తాము ఎరుగుదుమనియు, కంట తడిపెట్టుట అంతవరకు ఎరుగమనియు మా తండ్రిగారు తరువాత చెప్పిరి.

రంగు కడుగుకొనుచుండగా మేష్ట్రుగారు నా కడకు వచ్చిరి. చీవాట్లు తప్పవనుకొంటిని.

"ఏమప్పా, పుస్తకంలో లేని మాట యాడినుంచి తెచ్చినావు?"

"పద్యం మరిచిపోతిని మేష్ట్రే."

"మరిచిపోతే పోనీ. ఆ మాట పుస్తకంలో రాసిపెట్టు. మళ్లీ ఏడు ఆడేవాడికి పనికొస్తుంది."

నేను వ్రాయలేదు. పుస్తకము పెద్దల సొత్తు. వేషగాడు దానిని పలుకవలెనే కాని దానిలో చేయి పెట్టరాదని నా నమ్మకము. ఆ నమ్మకము తప్పని తెలిసికొనుటకు నాకు చాల కాలము పట్టినది. తెలిపినది ఒక నటుని జీవితము.

ఆయన జి.వి. అయ్యర్. 1917లో నంజనగూడున పుట్టి, బాల్యముననే గుబ్బి వీరణ్ణగారి నాటక కంపెనీలో చేరెను. 1884లో పుట్టిన ఆ కంపెనీ పేరు మన పెద్దలకు క్రొత్తది కాదు. గుబ్బి మన పొరుగుననున్న తుమకూరు జిల్లాలోనిదే. నాటక కంపెనీలో బాలుని చదువు బడి చదువు వంటిది కాదు. చిన్న వేషము వేసికొని తెరప్రక్కన నిలిచినవాడు అదే నాటకమును రాత్రి వెంబడి రాత్రి వినును. ఏ మాటకు జనము నవ్వుదురో, ఏ మాటకు దగ్గుదురో, ఏ పద్యము నడుమ వెనుకవరుసవారు లేచి బీడీ ముట్టించుకొనుటకు పోవుదురో వానికి తెలియును. తన మాటలతోపాటు ఇతరుల మాటలును వానికి కంఠస్థములగును. దీనిని ఎవరును సాహిత్యవిద్య యనలేదు. కాని రంగస్థలమునకు వ్రాయువానికి ఇంతకు మించిన గురుకులము వేరొకటి లేదు.

1943లో 'రాధారమణ' చిత్రముతో అయ్యర్ తెరమీదికి వచ్చెను. 1954లో 'బేడర కణ్ణప్ప' వెలువడెను. దర్శకుడు హెచ్.ఎల్.ఎన్. సింహా. కథానాయకుడు గుబ్బి కంపెనీలోనే పెరిగిన రాజకుమార్. ఆయనకు నాయకవేషము అదియే మొదటిది. ఆ చిత్రమునకు రచన అయ్యరుది. ఆ సంవత్సరమే ఆ కథ 'కాళహస్తి మహాత్మ్యం' అను పేర తెలుగున వచ్చెను. రాజకుమార్ నటించిన తెలుగు చిత్రము అదియొక్కటే.

నేను 'బేడర కణ్ణప్ప'ను బాల్యమున టెంటు సినిమాలో, నేలమీద కూర్చుండి చూచితిని. తెరమీద నున్నవాడు కన్నడము మాటాడినను అతడు మా యింటి తిన్నడే యనుకొంటిని. ఆ మాటలు వ్రాసినవాడొకడు ఉండునన్న తలపైనను నాకు కలుగలేదు. ఇప్పుడు తలచుకొన్నచో ఆ వ్రాసినవాని కష్టము తెలియుచున్నది. నాటకమున తిన్నడు దూరముననున్నవాడు. వాని బాధ చివరి వరుసకు చేరవలెనన్న పద్యము కావలెను, ఎత్తైన కంఠము కావలెను. సినిమాలో వాని ముఖము మన ముఖమునకు ఎదురుగ వచ్చి నిలుచును. ఆ ముఖము చెప్పుచున్న దానినే నోరును చెప్పినచో వినువానికి విసుగు పుట్టును. కనుక నాటకము నుండి సినిమాకు వచ్చిన రచయిత మాటలు చేర్చుటకంటె తీసివేయుట ముందు నేర్చుకొనవలెను. ఎక్కడ మాట అనవసరమో నటునికి తెలిసినంతగ పండితునికి తెలియదు. ఏలయన ఆ అనవసరమైన మాటను వేయి కన్నుల యెదుట మోసినవాడు నటుడు.

అయ్యర్ అంతటితో ఆగలేదు. కన్నడ చిత్రములు కొద్దిగ వచ్చుచున్న ఆ దినములలో రాజకుమార్, బాలకృష్ణ, నరసింహరాజులతో ఆయన చేరి, నటులే నిర్మాతలై 1960లో 'రణధీర కంఠీరవ' తీసిరి. దానికిని రచన అయ్యరుదే. వేషములు ఎవరిత్తురా యని వాకిట నిలుచుట మాని, తమ వేషములను తామే వ్రాసికొనిరి. ఈ యొక్క సంగతిని మనవారు గుర్తుంచుకొనవలెనని నా మనవి.

తరువాత ఆయన దర్శకుడయ్యెను. 1975లో వచ్చిన 'హంసగీతె'లో పాడినందుకు మన గోదావరి తీరమున పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికి జాతీయ పురస్కారము లభించెను. 1983లో అయ్యర్ తీసిన 'ఆది శంకరాచార్య' సంస్కృతమున మొదటి చలనచిత్రము. అది ఆ యేటి జాతీయ ఉత్తమ చిత్రమయ్యెను. అయ్యరుకు వచ్చిన పురస్కారము ఉత్తమ చిత్రానువాదమునకు. తెరప్రక్కన నిలిచి ఇతరుల మాటలు కంఠస్థము చేసిన బాలునికి, అరువదియారేండ్ల వయసున, వ్రాతకు దేశములోనెల్ల మొదటి బహుమతి దక్కెను. పిమ్మట ఆయన తీసిన 'భగవద్గీత'యును జాతీయ ఉత్తమ చిత్రమే. దాని నిర్మాత తెలుగువారైన టి. సుబ్బరామిరెడ్డిగారు. 2003లో అయ్యర్ కాలధర్మము చెందెను.

ఈ దారి కన్నడమునకు మాత్రమే పరిమితము కాదు. మన తెలుగునను నాటకరంగము నుండి వచ్చిన తనికెళ్ళ భరణిగారు చిత్రములకు మాటలు వ్రాసి పేరు పొందిరి. 1989లో వచ్చిన 'శివ'కు సంభాషణలు వ్రాసి, అందులోనే నానాజీగా నటించిరి. తిన్నని కథయే 2025లో 'కన్నప్ప' చిత్రముగ మరల వచ్చినపుడు ఆ వేషము వేసిన మంచు విష్ణుయే చిత్రానువాదమును కూర్చెను. పలికినవానికి వ్రాయుటకును అధికారము కలదని కాలము ఒప్పుకొన్నది.

ఇక మన సంగతి. నేను అయ్యర్ జీవితమును తలచునపుడెల్ల అటకమీది పుస్తకము జ్ఞప్తికి వచ్చును. మూడు తరములుగా మేము తెలుగునకు నమ్మకమైన నటులము. తాతగారు ఎవరి యొద్దనో ఎత్తి వ్రాసికొనిన మాటలను పలికితిమి. ఒక అక్షరము పోనీయలేదు. ఒక అక్షరము చేర్చనును లేదు. మన పిల్లలకు తెలుగు లిపి రాదని మన సంఘమున ప్రతి యేడును విచారింతుము. ఆ విచారము న్యాయమైనదే. కాని నాకు తోచిన మాట చెప్పుదును: మనకు కలిగిన నష్టము లిపి వలన కాదు. లిపి ఏదైనను తాతగారు తెలుగును కాపాడిరి. మనము తెలుగున క్రొత్తగ ఒక వాక్యమైనను వ్రాయకపోవుట వలన నష్టము కలిగినది.

దీనికి కారణము లేకపోలేదు. సర్కారు జిల్లాల నుండి వచ్చిన చుట్టములు మన మాట విని, ఇది తెలుగా కన్నడమా యని నవ్వుట మనలో ఎందరో అనుభవించినదే. నవ్వినవారి యెదుట నోరు తెరచుటయే కష్టము. కాగితముమీద పెట్టుట మరింత కష్టము. అందుచేత ఇంట మాటాడు తెలుగు వేరు, వ్రాయదగిన తెలుగు వేరని మనమే తీర్పు చెప్పుకొని, వ్రాయదగినది మనకు రాదు కనుక వ్రాయుటయే మానితిమి. కాని ఆ శివరాత్రినాడు జనమును ఏడ్పించినది ఏ తెలుగు? సీసపద్యము కాదు, "యాడుండాదో" అన్న మాట.

అట్లని పెద్దల పద్యమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. ఆ పద్యమును పది యేండ్లు వినియుండనిచో, తిన్నడు ఆ క్షణమున ఏమి తలచునో నాకు తట్టెడిది కాదు. అయ్యరుకును గుబ్బి కంపెనీ ముందు, కలము తరువాత. నటన లేక వ్రాత రాలేదు. అయితే నటనతోనే నిలిచియున్నచో ఆ వ్రాత పుట్టెడిదియును కాదు. పెద్దల మాటను నోరార పలుకవలెను. పలుకుచు పలుకుచు అది ఎక్కడ మనకు చాలకపోయెనో గుర్తించవలెను. అక్కడ మన మాట పెట్టవలెను. ఈ మూడవ మెట్టు ఎక్కుటకు నేను వెనుదీసితిని.

మొన్న ఉగాది ఉత్సవమున పిల్లలచేత ఒక రంగము ఆడింపవలెనని సంఘమువారు కోరిరి. నేను పుస్తకమును దింపి మా మనుమరాలికిచ్చితిని. ఎనిమిదవ తరగతి చదువుచున్నది. కన్నడాక్షరములు కనుక గడగడ చదివినది. సీసపద్యము కడ ఆగినది.

"తాతా, ఇది నాకర్థం కాలేదు. అడివిలో ఉండే ఆయప్ప ఇట్ల మాట్లాడతాడా?"

నేను పద్యమునకు అర్థము చెప్పితిని. పిమ్మట 1974 నాటి సంగతి చెప్పి, ఆ రాత్రి నా నోట వచ్చిన మాటను పలికి చూపితిని. అది కొంతసేపు ఊరకుండి, "ఇది బాగుండాది తాతా. పుస్తకంలో ఎందుకు లేదు?" అని అడిగినది.

మేష్ట్రుగారు ఏనాడో కాలము చేసిరి. ఆయనకు చెప్పవలసిన సమాధానము దీనికి చెప్పవలసివచ్చినది. నా యొద్ద సమాధానము లేదు. కలము తెమ్మంటిని. పద్యము ప్రక్కనున్న ఖాళీలో ఆ రెండు వాక్యములను వ్రాసితిని. పైన కన్నడాక్షరములలో, క్రింద తెలుగక్షరములలో. నలుబదియేండ్లు దాటిన తరువాత హిందూపురము నుండి తెచ్చుకొన్న బాలశిక్షతో నేర్చిన అక్షరములు నావి, వంకరగ వచ్చినవి. మనుమరాలు రెండు వరుసలను వ్రేలితో పోల్చి చూచుకొని, ఏ అక్షరమునకు ఏ అక్షరమో ఒక్క పూటలో పట్టుకొన్నది. అక్షరములకొరకు మాట నేర్చినది కాదు. తనకు నచ్చిన మాటకొరకు అక్షరములు నేర్చినది.

ఉత్సవమున అది పద్యమును పాడినది, మాటను పలికినది. రెండును ఉండవలెనని దాని నిర్ణయమే.

కావున మన కుటుంబములవారికి నా ప్రార్థన యిది. ప్రతి యింట పిల్లలచేత ముందు పెద్దల మాటను ఆడింపుడు, పాడింపుడు. పిమ్మట వారి మాటను ఒక పుటైనను వ్రాయింపుడు. ఏ లిపి చేతికి వచ్చిన ఆ లిపిలో వ్రాయనిండు, మనయూరి యాసలో వ్రాయనిండు, దిద్దుటకు తొందరపడకుడు. లిపి వెనుక వచ్చును.

మా తాతగారి పుస్తకము చివర పదునొకండు పుటలు ఖాళీగ నున్నవి. ఆయన కాగితము మిగిలి విడిచిరో, ఎవరైనను వ్రాయుదురని విడిచిరో ఎరుగను. పుస్తకమును మరల అటకమీద పెట్టలేదు. మనుమరాలి బల్లమీద నున్నది.