ట్రాన్స్‌ప్లాంట్: లేదు

మా పేపర్‌లో ఒక్క అంకె కూడా కల్పించి రాసింది కాదు. ముందే ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మూలకణాల ట్రాన్స్‌ప్లాంట్ రంగంలో తప్పు అనగానే అందరికీ జొహానెస్‌బర్గ్ వైద్యుడు వెర్నర్ బెజ్వోడా గుర్తొస్తాడు. రొమ్ము క్యాన్సర్‌కు భారీ మోతాదులో కీమో ఇచ్చి, దెబ్బతిన్న మజ్జను రోగి సొంత మూలకణాలతో మళ్లీ నిలబెడితే ఆయుష్షు పెరుగుతుందని 1999లో అమెరికా క్యాన్సర్ వైద్యుల మహాసభలో ఆయన లెక్కలు చూపించాడు. అదే సభలో మరికొన్ని బృందాలు తమకు అలాంటి లాభం కనబడలేదన్నాయి. మరుసటి ఏడాది తనిఖీకి వెళ్లినవాళ్లకు రికార్డుల పొంతన కుదరలేదు. ఫలితాలను తప్పుగా చూపించానని ఆయన ఒప్పుకున్నాడు. ఆయన 1995 నాటి పేపర్‌ను కూడా 2001లో జర్నల్ వెనక్కి తీసుకుంది.

ఈ కథ నా విద్యార్థులకు ఏటా చెప్పేవాణ్ణి. దొంగ లెక్కలు రాయొద్దు, అంతే అనేవాణ్ణి. ఆ ‘అంతే’ దగ్గరే నేను బోల్తా పడ్డాను.

మాది అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్తక్యాన్సర్ మీద చేసిన పని. పాత కేస్ షీట్లన్నీ తిరగేసి, కీమోతో జబ్బు అదుపులోకి వచ్చినవాళ్లను రెండు వరసలు చేశాం. దాత మూలకణాలతో ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లు ఒక వరస, మందులతోనే సరిపెట్టుకున్నవాళ్లు మరో వరస. జబ్బు బయటపడిన రోజునుంచి ఎవరు ఎంతకాలం బతికారో గ్రాఫ్ గీస్తే ట్రాన్స్‌ప్లాంట్ గీత పైన, మందుల గీత బాగా కింద. నాకు ప్రాణం లేచొచ్చింది. అలాంటి గ్రాఫ్ ఉంటే పేపర్ దానంతటదే రాసుకుపోతుంది.

లెక్కలు చూసే అమ్మాయి అప్పుడే అడిగింది. “సార్, ఈ రెండో వరసవాళ్లు ట్రాన్స్‌ప్లాంట్ వద్దన్నవాళ్లా, అందక ముందే పోయినవాళ్లా?”

“అదంతా ఇప్పుడు తవ్వలేమమ్మా. రివ్యూయర్ అడిగితే చూద్దాం” అన్నాను.

రివ్యూయర్లు అడగలేదు. పేపర్ అచ్చయింది.

తర్వాత ఒక సదస్సు స్లైడ్ కోసం ‘మందులు మాత్రమే’ వరసలోంచి ఒక మామూలు కేసు కావాలని ఫైల్ తెప్పించుకున్నాను. ముప్పై దాటని మనిషి. తమ్ముడి హెచ్‌ఎల్‌ఏ (కణజాల రకం) పూర్తిగా కలిసిందని నీలం సిరాతో రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉంది. ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో చేరాల్సిన తేదీ కూడా వేశారు. ఆ తేదీ రాకముందే జ్వరం, ఛాతీ సీటీలో ఫంగల్ ఇన్ఫెక్షన్, ఐసీయూ నోట్సు, చివరగా డెత్ సమ్మరీ. మా ఎక్సెల్ షీట్‌లో అతని పేరుకు ఎదురుగా ఉన్నది ఒకటే మాట: ట్రాన్స్‌ప్లాంట్, లేదు. ట్రాన్స్‌ప్లాంట్ కోసం ఎదురుచూస్తూ పోయిన మనిషి చావును నేను మందుల ఖాతాలో రాశాను.

ఇందులో మెలిక ఇది. ట్రాన్స్‌ప్లాంట్ దాకా చేరాలంటే ముందు అన్నాళ్లు బతికుండాలి. కీమో పనిచేయాలి, దాత దొరకాలి, డబ్బు కుదరాలి, ఈలోగా జబ్బు తిరగబెట్టకూడదు. ఇన్ని గండాలు దాటిన నెలలన్నిటినీ నేను ట్రాన్స్‌ప్లాంట్ ఘనత కింద జమకట్టాను. పెన్షన్ తీసుకునేవాళ్లలో ఎవరూ నలభై ఏళ్లకే పోలేదు కాబట్టి పెన్షన్ ఆయుష్షు పోస్తుందన్నట్టు. కొత్త తప్పయినా కాదు ఇది. గుండె మార్పిడి తొలినాళ్ల స్టాన్‌ఫర్డ్, హ్యూస్టన్ లెక్కల్లో ఈ మెలికే ఉందని మిచెల్ గెయిల్ 1972లోనే రాశాడు. నేను చదివాను కూడా. గుండె సంగతి కదా, మనకెందుకనుకున్నాను.

బెజ్వోడా కథను కూడా సగమే చెప్పేవాణ్ణని అప్పుడు తెలిసింది. ఆ చికిత్సను నమ్మినవాళ్లలో చాలామంది నిజాయతీపరులే. భారీ కీమోకు తట్టుకోగలిగిన ఒళ్లు ఉన్నవాళ్లనే ఏరుకున్నారు, వాళ్లు ఎక్కువకాలం బతికితే చికిత్స మహిమ అనుకున్నారు. 1997లో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ వైద్యులు తమ పాత రికార్డులు చూస్తే, అలా ఏరుకోదగ్గ రోగులు మామూలు కీమోతోనూ మిగతావాళ్లకంటే ఎక్కువకాలం బతికినట్టు తేలింది. చీటీ వేసినట్టు రోగులను పంచి చేసిన ఫిలడెల్ఫియా బృందం అధ్యయనం 2000లో వచ్చింది. మూడేళ్లకు బతికున్నవాళ్లు మూలకణాల వైపు నూటికి 32, మామూలు కీమో వైపు 38. ఆ తేడా కూడా లెక్కకు నిలిచేది కాదు. ల్యుకేమియాలో ట్రాన్స్‌ప్లాంట్ సంగతి వేరు, అది నిజంగానే ఎందరినో నిలబెట్టింది. ఎంతవరకు అన్నది చెప్పాల్సిన చోట నేను ఎక్కువ చెప్పాను.

ఆ అమ్మాయి చేతే మళ్లీ కట్టించాను. ట్రాన్స్‌ప్లాంట్ రోజు వచ్చేవరకు ప్రతి రోగి కాలాన్నీ మందుల వైపే ఉంచి, ఆ రోజునుంచే ట్రాన్స్‌ప్లాంట్ వైపు లెక్క మొదలుపెట్టింది. గీతలు దగ్గరికొచ్చాయి. తేడా పోలేదు గానీ, పేపర్ శీర్షికకు ఎక్కించేంత మిగల్లేదు. జర్నల్‌కు సవరణ పంపాం, ఒక మూల వేశారు. ఇప్పటికీ మమ్మల్ని ఉదహరించేవాళ్లు పాత గ్రాఫ్‌నే చూపిస్తారు. ఆ సవరణలో ఆమె పేరు మొదట వేయించాను. అసలు పేపర్‌లో చివర్న, కృతజ్ఞతల్లో ఉండేది.

ఇప్పుడు మా షీట్‌లో కొత్త గడులున్నాయి. ట్రాన్స్‌ప్లాంట్ సిఫారసు చేసిన తేదీ, దాత ఖాయమైన తేదీ, చేయకపోతే ఎందుకు. చివరి గడి నింపడానికే ఎక్కువ సమయం పడుతోంది, ఇళ్లకు ఫోన్లు చేయాల్సి వస్తోంది. అన్నకివ్వడానికి తమ్ముడు సిద్ధమే, అతని అత్తవారు ఒప్పుకోలేదు. ఆరోగ్యశ్రీ పోను మిగతా డబ్బు పుట్టలేదు. తేదీ ఇచ్చారు, మంచం ఖాళీ కాలేదు. ఆ గడి మీదే తర్వాతి పేపర్ రాసి పంపాం. ఇది రక్తవ్యాధుల జర్నల్‌లో వేయాల్సిన విషయమేనా అని మొదటి రివ్యూయర్ అడిగాడు. జవాబు రాస్తున్నాం.