కుక్కపిల్లకు పాఠాలు చెప్పేదెవరు?

అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కాలనీల్లో సాయంత్రమైతే లీష్ పట్టుకుని తిరిగే మనవాళ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. పిల్లల పోరు పడలేక ఒప్పుకున్నవాళ్లు కొందరు, ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో తోడుంటుందని తెచ్చుకున్నవాళ్లు ఇంకొందరు. ఎనిమిది వారాల లాబ్రడారో గోల్డెన్‌డూడులో ఇంట్లో అడుగుపెట్టిన కొద్దిరోజులకే పప్పీ క్లాసులో పేరు రాయిస్తారు. మామూలుగా అవి ఆరేడు వారాలు, వారానికో గంట. క్లాసులో చెప్పినట్టల్లా విన్న పిల్ల ఇంటికొచ్చాక వచ్చినవాళ్ల మీదికల్లా ఎగురుతూ, పిల్లల పైజమాలు పట్టి లాగుతూ ఉంటే తప్పు ట్రైనర్‌దనో, జాతిదనో తేల్చేస్తారు. జాతి మీద వేసే నింద ఎంత బలహీనమో 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పెద్ద జన్యు పరిశోధన చూపించింది: కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతితో చెప్పగలిగేది సుమారు 9 శాతమే. ఇక ట్రైనర్ సంగతి. వారానికి 168 గంటలు. అందులో ఆయన చేతిలో ఉన్నది ఒక్కటి. మిగతా గంటల్లో నిద్రపోగా మిగిలినంతసేపూ ఆ పిల్ల నేర్చుకుంటూనే ఉంటుంది, నేర్పుతున్నామన్న సంగతి మాత్రం మనకు తెలియదు. కుక్కపిల్లకు నెమ్మది, మర్యాద వచ్చేది మనం వేసే కేకల వల్ల కాదనీ, ఇంట్లో ఏ పని చేస్తే దానికి కావలసింది దొరుకుతోందో దాన్నిబట్టేననీ నేనంటాను. ఆ లెక్కన శిక్షణ సగానికి పైగా మనుషులకే కావాలి.

మర్యాద అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1989లో ‘కెనైన్ గుడ్ సిటిజన్’ అనే పరీక్ష పెట్టింది. అందులో పది అంశాలు. కొత్త మనిషి దగ్గరికొచ్చి యజమానితో మాట్లాడుతుంటే ఊరకుండాలి. నిమిరితే కూర్చుని నిమిరించుకోవాలి. దువ్వెన పెట్టినా, చెవులూ పాదాలూ పట్టి చూసినా ఒప్పుకోవాలి. జనం మధ్యనుంచి నడవాలి, ఇంకో కుక్క ఎదురైతే పట్టించుకోకుండా సాగిపోవాలి, దగ్గర్లో ఏదో దబ్బున పడినా బెదిరిపోకూడదు, యజమాని కంటికి కనపడకుండా వెళ్లిన మూడు నిమిషాలూ తెలియనివాళ్ల దగ్గర గోల చేయకుండా ఉండాలి. కూర్చో, పడుకో, రా అన్న మాటలు వింటుందా అన్నదీ ఉంది కానీ, పరీక్షలో ఎక్కువ భాగం కుక్క ఏమీ చేయకుండా ఉండగలదా అన్నదే. చిక్కంతా అక్కడే. ‘చేయకు’ అన్నది కుక్కపిల్లకు ఎలా చెప్పాలి? ఎగరకు, కొరకకు, మొరగకు అని ఎన్నిసార్లు అరిచినా దానికి వినపడేది మన గొంతు హడావుడి మాత్రమే. ఎగరడానికి బదులు ఏం చేయాలో చూపిస్తే తప్ప దానికి దారి తెలియదు.

ఆ చూపించడం ఎంత చిన్న పనో, ఎంత ఓపిక పనో ఒక్క ఉదాహరణ చాలు. హాల్లో ఓ మూల పాత బొంత మడతపెట్టి వేస్తారు. పిల్ల దానిమీద కాలు పెట్టగానే రెండు గింజల కిబుల్ (పొడి కుక్కతిండి) బొంత మీదే పడాలి. నోటి దగ్గరికి తీసుకెళ్లి అందిస్తే అది మళ్లీ లేచి మన చేతుల చుట్టూ తిరుగుతుంది. ముందుకాళ్ల మధ్య నేలమీద పెడితే తల దించుతుంది, తల దించిన పిల్ల కాసేపటికి మోచేతులూ ఆనిస్తుంది. అప్పుడు ఇంకో గింజ. మనం మాట్లాడకూడదు, ‘గుడ్ బాయ్’ అంటూ సంబరపడకూడదు, ఆ సంబరానికే అది లేచి నిలబడుతుంది. కాసేపటికి నడుం ఒక పక్కకు ఒరుగుతుంది. గొంతుక్కూచున్నట్టు కాకుండా వెనకకాళ్లు రెండూ ఒకే వైపు పడ్డాయంటే ఇక అది లేచే ఉద్దేశంలో లేదని అర్థం. గడ్డం ముందుకాళ్ల మీద ఆన్చి పెద్దగా ఊపిరి వదిలిందా, పాఠం అయిపోయినట్టే. రోజుకు రెండుమూడుసార్లు, ఒక్కోసారి రెండుమూడు నిమిషాలు. ఎవరికీ చూపించి మురిసిపోవడానికి ఇందులో ఏమీ లేదు. షేక్‌హ్యాండ్ ఇవ్వడం నేర్పితే చుట్టాలు చప్పట్లు కొడతారు, పడుకోవడం నేర్పితే ఎవరూ గమనించరు. మనవాళ్లు మొదటిదానితో మొదలుపెట్టి రెండోదాని దాకా రాకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం.

ఇప్పుడు ఇంటి సంగతి. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లో అచ్చువేసిన పరిశోధనల్లో తేలిన సంగతి ఒకటుంది: చేసిన ప్రతిసారీ ఫలితం దక్కే అలవాటుకన్నా, ఎప్పుడో ఒకసారి దక్కే అలవాటు మానడం చాలా కష్టం. దీన్ని మన ఇళ్లకు అన్వయించి చూడండి. పిల్ల ఎగిరితే అమ్మ పట్టించుకోదు, నాలుగు కాళ్లూ నేలమీద ఉన్నప్పుడే పలకరిస్తుంది. ఆఫీసు నుంచి వచ్చిన నాన్న దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పుతాడు. ఇండియా నుంచి ఆరునెలలుందామని వచ్చిన తాతయ్య మొదటి వారం భయంతో ‘హుష్ హుష్’ అని చేతులు ఊపుతారు. పిల్లకు అదీ ఆటే. రెండో నెలకు వచ్చేసరికి భోజనం చేస్తూ పెరుగన్నం ముద్ద టేబుల్ కిందకు జారవిడుస్తుంటారు. ఎవరి ప్రేమలోనూ లోపం లేదు. కానీ ఎగరడం, అడుక్కోవడం ఎప్పుడో ఒకప్పుడు పండుతాయని అది రుజువులతో సహా నేర్చుకుంది. పైగా పట్టించుకోవడం మానేసిన కొత్తలో ఆ పని తగ్గకపోగా పెచ్చుమీరుతుంది. ఇంతకాలం పనిచేసిన చిట్కా పనిచేయకపోతే ఎవరైనా ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తారు కదా. సరిగ్గా అప్పుడు మనం ఓడిపోయి పలకరిస్తే, గట్టిగా ఎగిరితేనే పని జరుగుతుందని నేర్పినట్టవుతుంది. అందుకే ఇంటిల్లిపాదీ ఒక మాట మీద ఉండటం ఏ క్లాసుకన్నా ఎక్కువ పనిచేస్తుంది. తాతయ్యకు ఇలా చేయకండి అని చెప్పేకంటే ఒక పని అప్పజెప్పడం మేలు: ఉదయం కిబుల్ ఆయనే పెట్టాలి, పిల్ల కూర్చున్నాకే గిన్నె దించాలి.

చెప్పినట్టు వినకపోవడం వెనక చాలాసార్లు ఉండేది మొండితనం కాదు, నిద్ర చాలకపోవడం. చిన్న కుక్కపిల్ల రోజులో 18 నుంచి 20 గంటలు నిద్రపోతుంది. స్కూలు నుంచి వచ్చిన పిల్లలు సాయంత్రమంతా దానితో ఆడి ఆడి అలసగొట్టాక రాత్రి ఎనిమిదింటికి అది పిచ్చిపట్టినట్టు గదులన్నీ పరిగెత్తి కనపడినవాళ్ల మడమలు కొరుకుతుంటే, ఇంకా శక్తి ఉంది, ఇంకో చుట్టు తిప్పుదాం అనుకుంటారు. అప్పుడు కావలసింది చీకటిగది, తలుపు వేసి ఉన్న క్రేట్. వారాంతం పాట్‌లక్ ఉన్నరోజైతే మరీను. దీనికి తోడు నాలుగో నెల నుంచి పాలపళ్లు 28 ఊడి, ఏడో నెలకల్లా 42 పళ్లు వస్తాయి. అంతకాలం ఏదో ఒకటి కొరకక తప్పదు, కొరకడానికి మనం ఏమీ ఇవ్వకపోతే చెప్పుల వరస ఉండనే ఉంది.

దండం దశగుణం అని పెరిగినవాళ్లం కాబట్టి మనలో చాలామందికి ఇదంతా మెతకదనంగా తోస్తుంది. రెండు తగిలిస్తే అదే వింటుంది కదా అంటారు. నిజమే, ఆ క్షణానికి వింటుంది. కొట్టగానే ఆగిపోతుంది గనక కొట్టినవాడికి చేతిలో ఫలితం కనపడుతుంది, ఇంకోసారి చేయి లేవడం సులువవుతుంది. శిక్షవల్ల ముందు అలవాటు పడేది మనిషే. ఈ పద్ధతికి శాస్త్రం అండ ఉందని చెప్పేవాళ్లు తోడేళ్ల గుంపును చూపిస్తారు, కుక్క మన మీద పెత్తనం చేయకుండా మనమే ‘ఆల్ఫా’ కావాలంటారు. ఆ మాటకు మూలం రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బందీలుగా ఉన్న తోడేళ్ల మీద చేసి 1947లో అచ్చువేసిన పరిశీలన. 1970లో తన పుస్తకంతో దాన్ని జనంలోకి తెచ్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్, అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి దగ్గరగా చూశాక 1999లో తానే దిద్దుకున్నాడు: సహజంగా ఏర్పడే గుంపు అంటే తల్లీ తండ్రీ వాళ్ల పిల్లలూ, అంతే. ఆ పుస్తకం అచ్చు ఆపమని ప్రచురణకర్తలను ఆయన చాలాకాలం బతిమాలాడు, 2022లో గానీ ఆపలేదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ పశువైద్యులు 140 మంది యజమానులను అడిగి 2009లో అచ్చువేసిన సర్వేలో, కుక్కను కొట్టడమో తన్నడమో చేశామన్నవాళ్లలో 43 శాతం మంది అది తిరగబడిందన్నారు. అవి అప్పటికే సమస్యలతో ఆసుపత్రికి వచ్చిన కుక్కలు కాబట్టి ఆ అంకెను అన్నింటికీ వర్తింపజేయలేం. కానీ 2020లో అచ్చయిన పోర్చుగల్ అధ్యయనంలో 92 పెంపుడు కుక్కలను చూశారు. మందలింపు, పట్టీ గుంజడం ఎక్కువగా ఉన్న శిక్షణ బడుల్లోని కుక్కల్లో ఆందోళన లక్షణాలు ఎక్కువ, క్లాసు తర్వాత లాలాజలంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ ఎక్కువ. తిండి ఉందో లేదో తెలియని గిన్నె దగ్గరికి వెళ్లడానికి కూడా అవి వెనకాడాయి. భయపడి కదలకుండా ఉన్న పిల్లా, నెమ్మదించి కదలకుండా ఉన్న పిల్లా దూరానికి ఒకేలా కనపడతాయి. దగ్గరికెళ్లి చెవులూ తోకా చూస్తే తేడా తెలిసిపోతుంది.

తిండి ఆశపెట్టి చేయించుకోవడం లంచం కాదా అన్నది రెండో అభ్యంతరం. ముందు చూపించి పని చేయించుకుంటే లంచమే. పని అయ్యాక జేబులోంచి తీసి ఇస్తే కాదు. అలవాటు కుదిరిన కొద్దీ తిండి తగ్గించి, తలుపు తెరవడం, బంతి విసరడం, బయటికి తీసుకెళ్లడం వంటివాటిని దాని స్థానంలో పెడుతూ పోవచ్చు. కుక్కపిల్ల కోరేవి రోజంతా మన చేతిమీదుగానే వెళ్తుంటాయి. ఒక జాగ్రత్త మాత్రం మన వంటిళ్లకు ప్రత్యేకం. కిస్‌మిస్, ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను పాడుచేస్తాయి. పరమాన్నంలో కిస్‌మిస్, కూరలో ఉల్లి లేని ఇల్లు మనకు తక్కువ గనక ట్రీటు కింద ఉప్పూకారం లేని ఉడికించిన చికెన్ ముక్క క్షేమం.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది, దానికి తేలిగ్గా జవాబు చెప్పకూడదు. విజయవాడలో, వరంగల్‌లో టీకొట్టు ముందు జనం కాళ్ల మధ్య కునుకుతీసే వీధికుక్కకు ఏ ట్రైనర్ నేర్పాడు? నిజంగానే వాటిలో చాలా కుక్కలకున్న నెమ్మది, ఇక్కడ వేల డాలర్లు ఖర్చుపెట్టిన కుక్కలకు లేదు. దానికి నాకు కనిపించే కారణాలు రెండు. ఒకటి, వీధికుక్కకు నచ్చకపోతే లేచి అవతలికి పోయే స్వేచ్ఛ ఉంది. ఆరడుగుల లీష్‌కు కట్టిన పిల్లకు, అపార్ట్‌మెంట్ కారిడార్‌లో ఎదురుగా ఇంకో కుక్క వస్తే తప్పుకునే దారి లేదు, కాబట్టి మొరుగుతుంది. తప్పుకునే ఆ దూరం మనమే కల్పించాలి, రోడ్డు దాటైనా సరే. రెండోది చేదు నిజం. మనకు కనపడే నెమ్మదైన వీధికుక్కలు బతికి బట్టకట్టినవి. పశ్చిమ బెంగాల్‌లో 364 వీధికుక్కపిల్లలను గమనించి 2016లో అచ్చువేసిన అధ్యయనం ప్రకారం పెద్దవయ్యేదాకా మిగిలినవి 19 శాతమే, చావుల్లో సగానికి పైగా మనుషుల వల్లే. అలాంటి జల్లెడను బోధన అనలేం. ఒక పాఠం మాత్రం వీధి నుంచి తీసుకోవచ్చు: ఆ పిల్లలు కళ్లు తెరిచింది మొదలు ఆటోలూ, సైకిళ్లూ, బడిపిల్లలూ, గొడుగులూ చూస్తూ పెరుగుతాయి.

ఆ చూడటానికి గడువుంది. మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు అయిదు జాతుల కుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేసి 1965లో ప్రచురించిన గ్రంథం ప్రకారం, మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా కుక్కపిల్ల కొత్తవాటిని సులువుగా తన లోకంలో కలుపుకుంటుంది, ఆ తర్వాత అనుమానం పెరుగుతుంది. ఎనిమిది వారాలకు మన ఇంటికొస్తే మిగిలింది నెల. టీకాలన్నీ పూర్తయ్యేసరికి పదహారు వారాలు, అందాకా గడప దాటించకూడదని కొందరి పట్టుదల. పార్వో వైరస్ భయం అబద్ధం కాదు. అయినా ప్రవర్తన మీద పనిచేసే అమెరికన్ పశువైద్యుల సంఘం మొదటి విడత టీకా వేసిన వారానికి, ఏడెనిమిది వారాల వయసులోనే క్లాసు మొదలుపెట్టవచ్చంటోంది. మూడేళ్లలోపు కుక్కల ప్రాణం తీసేవాటిలో మొదటిది ప్రవర్తన సమస్యలేననీ, అంటురోగాలు కావనీ ఆ సంఘం మాట. ఊరి కుక్కలన్నీ తిరిగే పార్కు నేలమీద దించకుండా, చంకనెత్తుకుని రైల్వేస్టేషన్ చూపించి తీసుకురావచ్చు.

ఇంత తంటా ఒక కుక్క కోసమా అని విసుక్కునేవాళ్లకు నా జవాబు కుక్క గురించి కాదు, ఇంటికొచ్చే మనిషి గురించి. రేబిస్ వల్ల ప్రపంచంలో జరిగే చావుల్లో మూడోవంతుకు పైగా భారతదేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అక్కడినుంచి వచ్చిన అత్తగారికో స్నేహితుడి తల్లికో కుక్కంటే ఉన్న జంకు చాదస్తం కాదు. ఆవిడ గుమ్మంలో బిగుసుకుపోయి నిలబడితే లోపల్నుంచి యజమాని ‘ఏం చెయ్యదండీ’ అంటాడు. కాలిఫోర్నియా సివిల్ కోడ్ 3342 ప్రకారం కుక్క అంతకుముందు ఎన్నడూ కరవకపోయినా, మొదటి కాటుకే యజమాని నష్టపరిహారం కట్టాలి, ఏం చెయ్యదనుకున్నానంటే కుదరదు. ఆ మాట అనే బదులు, కాలింగ్ బెల్ మోగకముందే పిల్లను బేబీ గేటు అవతల బొంత మీద పడుకోబెట్టి, ఓ కొరుకుడు బొమ్మ ఇచ్చి, ఆవిడ చెప్పులు విడిచి, కూర్చుని, మంచినీళ్లు తాగాక, ఆవిడ చూస్తానంటేనే లీష్ మీద తీసుకురావాలి. చూడనంటే ఆ పూటకు గేటు తీయనక్కర్లేదు.