ముగ్గుకి బదులు ఉప్పు

మిన్నెసోటాలో చలికాలం నవంబరులో చుట్టంలా వస్తుంది, మార్చికల్లా ఇల్లరికపుటల్లుడైపోతుంది. క్యాలెండర్లో ఉగాది దగ్గరపడుతుంటే కిటికీ బయట మసిబట్టిన మంచుగుట్టలు! ఫిబ్రవరి 2న పెన్సిల్వేనియాలో ఒక గ్రౌండ్‌హాగ్‌ని లేపి, దాని నీడ దానికి కనబడితే ఇంకో ఆరు వారాలు చలేనని పంచాంగం చెప్పిస్తారు. ఆ పంచాంగకర్తా మగవాడే, పేరు ఫిల్.

మంచు ఆగిన 24 గంటల్లో ఇంటిముందు కాలిబాట ఇంటివాళ్లే శుభ్రం చేయాలని మా ఊరి నిబంధన. వాకిలి ఊడ్చే పని సముద్రాలు దాటొచ్చినా నన్ను వదల్లేదన్నమాట. చీపురు పోయి పార వచ్చింది, ముగ్గుపిండి పోయి ఉప్పు వచ్చింది. స్నోబ్లోయర్ యంత్రం కనుక మా ఆయనది, పార నాది. ఇద్దరం ముగించేసరికి రోడ్డు శుభ్రం చేసే బండి వచ్చి మంచంతా మా వాకిలికి అడ్డంగా నెట్టిపోతుంది. కార్లకి నున్నటి రోడ్డు. బస్టాపుకి నడిచే నేనూ, రాత్రి డ్యూటీ దిగొచ్చే పక్కింటి నర్సూ పెంగ్విన్లలా అడుగులేస్తూ ఒకరినొకరు చూసి నవ్వుకుంటాం.

స్వీడన్‌లోని కార్ల్‌స్కోగాలో 2011లో ఒక అధికారి, మంచు తీయడంలోనైనా ఈ స్త్రీ పురుష సమానత్వం గొడవ ఉండదులే అని పరాచికమాడారు. తీరా చూస్తే ఉంది. ముందు శుభ్రమయ్యేవి మగవాళ్లు ఎక్కువగా కార్లలో వెళ్లే పెద్దరోడ్లు. నడిచేదీ, బస్సెక్కేదీ ఎక్కువగా ఆడవాళ్లు. మూడంగుళాల మంచులో కారు పోతుంది గానీ పిల్లల బండి కదలదు కదా! దాంతో అక్కడ వరస మార్చారు, ముందు కాలిబాటలు, తర్వాత పెద్దరోడ్లు.

వసంతం ఎప్పుడో ఫిల్ చెప్పనీ. ఎవరి దారి ముందు తెరుచుకోవాలో మాత్రం మనమే అడగాలి.